పుస్తెలు రాయక్కర్లేదన్నారు

భారతీ, నువ్వు పోయి రేపటికి ఏడాది. మనం ఐపీ పెడుతున్నాం. అప్పులు తీర్చలేమని కోర్టులో చెప్పుకునేవాళ్లను చూసి నువ్వు మూతి తిప్పేదానివి, ఇప్పుడు మన వంతు. బంద్‌ల మీద బంద్‌లు పెట్టేసరికి కోచింగ్ పిల్లలు ఊళ్లకు పోయారు, దిల్‌సుఖ్‌నగర్‌లో మన మెస్ మూతపడింది. తెలంగాణ రావాలని నేనూ జెండా పట్టినవాణ్ణే, ఎవర్నని తిట్టను?

ఇంట్లో సామానంతా మన శ్రావణి కాగితం మీద రాసింది. వంటగిన్నెలు, భార్య పుస్తెలు కోర్టు ముట్టదని వకీలు ముందే చెప్పాడు. అందుకే నీ పుస్తెలు రాయలేదు.

ఈరోజు ఎల్బీనగర్ కోర్టు దగ్గర ఆ వకీలే కాగితం చూస్తూ అడిగాడు.

"మీ ఆవిడ మెడలోవి తప్ప వేరే బంగారం లేదు కదండీ?"

"పుస్తెలు బీరువల ఉన్నయి సార్. ఆమె పోయింది."

ఆయన కాగితం శ్రావణి ముందుకు జరిపాడు. "అయితే అది ఉత్త బంగారమేనండీ. రాయాల్సిందే."

శ్రావణి "అమ్మ పుస్తెలు" అని రాసింది. ఆయన అది కొట్టేయించి "బంగారం" అని రాయించాడు.

"అమ్మవని రాయొద్దా నాయినా?" అన్నది బిడ్డ.

నీకు అవి కట్టిన చేత్తోనే కింద సంతకం పెట్టాను.