బావగారి ధ్యానం

గుడిబండె, 9-8-2003

అన్నయ్యకు పంకజ నమస్కారం. పిల్లలు బాగున్నారు, మీ బావగారి సంగతే బాగాలేదు.

మొన్న గుళ్లో అర్చన చేస్తూ కూర్చునే నిద్రపోయారు. “స్వామి ధ్యానంలో ఉండాడు, పిలవొద్దండప్పా” అని జనం చేతులు జోడించారు. దీపం తగిలి ఉత్తరీయం అంటుకుని, చెయ్యి కాలితేగానీ లేవలేదు. మంటకూ చలించలేదని ఇప్పుడు ఊరంతా కాళ్లకు మొక్కుతోంది.

రాత్రి గురక మధ్యలో ఊపిరి ఆగిపోతోందని, పగటి నిద్ర అందుకేనని, వదిలేస్తే గుండెకు ముప్పని డాక్టరన్నాడు. ఈయనేమో “అది ధ్యానమే పంకజా” అంటున్నారు. నువ్వొచ్చి బెంగళూరు పెద్దాసుపత్రికి తీసుకుపో.

అమ్మ మోకాళ్లు ఎలా ఉన్నాయి? వదిన పెట్టిన నిమ్మకాయ ఊరగాయ ఉంటే తే. చిన్నవాళ్లకు ఆశీస్సులు.

పగలు ఆయన కదలకుంటే జనం దణ్ణం పెడుతున్నారు. రాత్రి కదలకుంటే నేను ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తున్నాను.