పెదవులు ఆడిస్తే చాలు

ముంచింగిపుట్టు,
అక్టోబరు 11.

ప్రియమైన బావమరిది మోసెస్‌కు,

నీ అక్క మొగుడు సమూయేలు ప్రభువు పేరట వందనాలు చెప్పి, ఆ వెంటనే నిన్ను తిట్టడానికి రాస్తున్న ఉత్తరం ఇది. మా కొండ మీద ఫోన్ సిగ్నల్ చర్చి గంట స్తంభం పక్కన మాత్రమే అందుతుందని నీకు తెలుసు. అక్కడ నిలబడి నిన్ను తిడితే ఊరంతా వింటుంది. అందుకే కాగితం మీద పెట్టి అప్పారావు జీపులో పంపుతున్నాను.

ఆ జీపులోనే నిన్న నీ పాట విన్నాను. "మబ్బు దిగిందే ఓలమ్మీ" అట! మూడే స్వరాలు, నాలుగే మాటలు, కంప్యూటర్లో కొట్టిన ధింసా దరువు. దాన్ని ఆరు లక్షలమంది చూశారని అప్పారావు తనే కన్నబిడ్డ గురించి చెప్పినట్టు చెప్పాడు. "మాస్టారూ, మీ బావమరిదికి ఎంత పేరొచ్చీసిందండీ!" అన్నాడు. ముప్పై ఏళ్లుగా మన చర్చి క్వయర్ నడుపుతున్నది నేను కదరా అన్నాను. "అదీ నిజమే గానండి" అని సౌండు పెంచాడు.

కళ అంటే సాధన మోసెస్. డిసెంబరులో మా చర్చికి వందేళ్లు నిండుతాయి. ఆ పండుగ కోసం రెండేళ్లుగా నాలుగు గొంతుల కీర్తన ఒకటి కడుతున్నాను. ఒక్కో గొంతు ఒక్కో దారిన పోయి చివర్లో అన్నీ ఒకచోట కలుస్తాయి. నీ పాప్ పాటలో దారే లేదు, కలవడం ఎక్కడ? నా దగ్గర మొహమాటాలు కూడా ఉండవు. పెళ్లయిన వారంలోనే నీ అక్క కృపావతి గొంతు విని, "నువ్వు మూడో వరసలో నిలబడి పెదవులు ఆడిస్తే చాలు" అని చెప్పేశాను. ఇరవయ్యారేళ్లుగా ఆడిస్తూనే ఉంది పాపం. కళకి బంధుత్వం ఉండదు.

ఇట్లు,
కళని నమ్ముకున్న నీ బావ,
సమూయేలు

తా.క. ఆ పాటలో ఆడగొంతు ఎవరిది? వీడియోలో మబ్బులూ కాఫీతోటలూ ధింసా ఆడేవాళ్ల కాళ్లూ ఉన్నాయట గాని, పాడినావిడ ముఖం లేదట. నాకేం ఆసక్తి లేదు. ఊరికే అడిగాను.


అరకు,
అక్టోబరు 18.

పూజ్యులైన బావగారికి మోసెస్ వందనాలు.

మీ తిట్లు అందాయి. ఘాట్ రోడ్డు కుదుపులకి కూడా ఒక్కటీ రాలిపోలేదు.

మూడే స్వరాలన్నారు. ఉప్పూ కారం పులుపూ కూడా మూడే. వాటితో అక్క వండితే మీరు రెండోసారి వడ్డించుకోరూ? మీరు కష్టపడి కీర్తనలు కడతారు, కాదనను. కాని వినేవాడు కూడా కష్టపడాల్సి వస్తే ఎలాగండీ? పోయిన ఈస్టరుకి మీ కీర్తన ఇంకా ఐదో చరణంలో ఉండగానే పాస్టరు గారు "ఆమెన్" అనేశారు కదా. ఆయన భక్తి తక్కువై కాదు, ఆకలి ఎక్కువై.

ఇక ఆ గొంతు సంగతి. పేరు చెప్పొద్దని ఆవిడ నా చేత మాట తీసుకుంది. ఇంట్లో తెలిస్తే గొడవవుతుందని భయం. ఇప్పుడు రెండో పాటకి కూడా వస్తోంది.

ఇట్లు,
మూడు స్వరాల మీ బావమరిది,
మోసెస్

తా.క. పన్ను నొప్పని అక్క శుక్రవారం శుక్రవారం ఇక్కడి పళ్ల డాక్టరు దగ్గరికి వస్తోంది కదా, ఆ పన్ను గురించి మీరు బెంగ పెట్టుకోకండి. వేరు బాగా లోతుగా ఉందట, ఇంకో నాలుగు శుక్రవారాలు రావాలట. ఈలోగా రోజూ మిరియాల కషాయం కాచి ఇవ్వండి. పంటికి మిరియాలేమిటని అడక్కండి, వైద్యం చాలా ముందుకెళ్లిపోయింది.


ముంచింగిపుట్టు,
నవంబరు 2.

దొంగ బావమరిదికి,

నీ గుట్టు తెలిసిందనుకున్నాను. ఇంట్లో గొడవవుతుందని భయపడే మంచి గొంతు మా కొండ మీద ఒకటే ఉంది, రమణిది. వేసవిలో నా క్వయర్ మానేసిన పిల్ల. ఆదివారం ఆరాధన కాగానే గుమ్మం దగ్గర పట్టుకుని, "దొంగచాటుగా అరకు వెళ్లి పాడతన్నావేటి?" అని అందరి ముందూ అడిగేశాను. ఆ గుంట ఏమందో తెలుసా? "ఓలమ్మో, ఆ పాట నాదే అయితే మా ఇంటి గోడ మీద రాసీసుకుందును గదా మాస్టారూ! మీ కీర్తన గుక్క తిప్పుకోనివ్వదనే నేను మానీసినాను" అంది. జనం నవ్వారు. పాస్టరు గారు నవ్వాపుకోడానికి దగ్గారు.

అప్పుడు నాకు అసలు సంగతి తట్టింది. అక్కడ మనిషే లేదు! ఈ రోజుల్లో కంప్యూటరే ఆడగొంతుతో పాడుతోందట. అంత కుదురైన శ్రుతి ఉన్న మనిషి ఉంటే ముప్పై ఏళ్లలో నా చెవిన పడకుండా ఉంటుందా? ఇదే మాట చర్చి కమిటీలో లేచి చెప్పాను. వాళ్లు తేల్చిందేమిటంటే, అది మిషనైతే పండుగ రోజు నా కీర్తన. మనిషైతే ఆవిడని పిలిపించి నీ పాట. నేను ఒప్పుకుని సంతకం కూడా పెట్టాను. కాబట్టి బుద్ధిగా నిజం రాయి.

ఇట్లు,
గెలవబోతున్న
సమూయేలు

తా.క. నీ అక్క అరకు నుంచి వచ్చిన ప్రతిసారీ తనలో తనే నవ్వుకుంటోంది. పోయిన వారం కొత్త చీర కట్టుకుని మరీ బయల్దేరింది. పన్ను బాగు చేయించుకోడానికి కొత్త చీర ఎందుకురా? ఆ పళ్ల డాక్టరు వయసెంత?


అరకు,
నవంబరు 9.

గెలవబోతున్న బావగారికి ఓడించక తప్పని మోసెస్ రాస్తున్నది.

ఆవిడ మనిషే. శుక్రవారం మా ఇంట్లో చేపల పులుసుతో భోంచేసింది. కంప్యూటరైతే ముళ్లు ఏరుకోదు కదా. పండుగకి వచ్చి పాడతానంది, కమిటీకి కబురు పంపేశాను. మీ మీద కక్షతో కాదు బావా. మీరు సంతకం పెట్టకపోయి ఉంటే నేనే వెనక్కి తగ్గేవాణ్ణి.

మరో మాట. అంత గొంతు మీ చెవిన ఎందుకు పడలేదన్నారు. ఆవిడ పడుచుదనంలో ఒక క్వయర్‌లో చేరిందట. ఆ మాస్టారు ఒక్క చరణం విని నోరు మూయించేశాడట. మళ్లీ పాడమని ఇన్నేళ్లలో ఒక్కసారీ అడగలేదట. చేలో మనుషులెవరూ లేనప్పుడు పాడుకునేదట. ఇది చెప్తూ ఆవిడ ఏడవలేదు, నాకే ఏడుపొచ్చింది.

ఇట్లు,
మీ
మోసెస్

తా.క. డాక్టరు గారికి డెబ్బై దాటాయి. ఆయనకే పళ్లు లేవు.


ముంచింగిపుట్టు,
నవంబరు 23.

ప్రియాతిప్రియమైన బావమరిది మోసెస్‌కు నీ బావ ప్రేమతో రాస్తున్న ఉత్తరం.

కమిటీ నా కీర్తన తీసేసింది. పాస్టరు గారు నా భుజం తట్టి, "ఇంకో వందేళ్లకి చూద్దాం మాస్టారూ" అన్నారు. ఓదార్పు అనుకుని చెప్పారు.

మొన్న కృపావతిని భోజనానికి పిలుద్దామని కాఫీతోటలోకి వెళ్లాను. పళ్లు కోస్తున్న ఆడవాళ్లంతా నీ పాట పాడుకుంటున్నారు. నన్ను చూసి గతుక్కుమని ఆపేశారు. నీ అక్క అయితే గంప మీదికి వంగిపోయి తల ఎత్తనే లేదు. అందులో ఒకామె నా మనసు నొచ్చుకుంటుందని నా కీర్తన ఎత్తుకుంది. రెండో పాదం రాక మళ్లీ నీ పాటలోకే జారింది.

ఒరే మోసెస్, దాచుకుని లాభం లేదు. నాకు కుళ్లు. కడుపు మండిపోతోంది. నీ ఆరు లక్షల మందిని చూసి కాదు. ఎవరూ నేర్పకుండా, ఎవరూ బెదిరించకుండా, పనిలో ఉన్న మనిషి నోటికి ఆ పాట వచ్చిందే, అది చూసి. నేను కట్టినవాటిలో ఒక్కటైనా అలా ఎవరి నోటా వినలేదు.

తర్వాత గంట స్తంభం దగ్గరికి పోయి నీ పాట పదకొండుసార్లు విన్నాను. నీ దరువు మీద నా అభిప్రాయం మారలేదు. కాని ఆ గొంతు! కింది స్వరంలోకి దిగేటప్పుడు ఎక్కడా తొణకదు. రెండేళ్లుగా నా కీర్తన ఎదురుచూస్తున్న గొంతు అదేరా. నీ పాట పాడాక నా కీర్తన కూడా పాడమని ఆవిడని అడుగు. కమిటీ కాళ్లు నేను పట్టుకుంటాను. ఆవిడ ఏ షరతు పెట్టినా సరే, ఇదిగో రాసిచ్చేస్తున్నాను.

ఆవిడ నోరు మూయించిన ఆ మాస్టారెవడో గాని, గాడిదకేం తెలుసు గంధప్పొడి వాసన! వాడికి హార్మోనియం కాదు, మేకలకి కట్టే గంట ఇవ్వాలి.

ఇట్లు,
నీ సాయం కోరే బావ,
సమూయేలు

తా.క. ఈ సంగతి కృపావతి చెవిన వేయకు. ఇంకో ఆడమనిషి గొంతుని నేను ఇంతగా మెచ్చుకున్నానని తెలిస్తే తట్టుకోలేదు.


అరకు,
నవంబరు 29.

గంధప్పొడి వాసన తెలియని మా వారికి కృపావతి వందనాలు.

మీ ఉత్తరం తమ్ముడు గట్టిగా చదివి వినిపించాడు. నేను తట్టుకున్నాను. ఆ ఇంకో ఆడమనిషిని నేనే.

పెళ్లయిన వారంలో మీరు నా గొంతు విన్న రోజు నాకు జలుబు. లంబసింగిలో మా పిన్నమ్మ ఇంటికి వెళ్లి ఆ చలిలో తడిసి వచ్చాను. ఆ జలుబు నాలుగు రోజుల్లో తగ్గిపోయింది. మీ తీర్పు మాత్రం ఇరవయ్యారేళ్లయినా తగ్గలేదు. చెబుదామనుకునేదాన్ని. మీరు హార్మోనియం ముందు కూర్చుంటే ఇంట్లో ఇంకో మనిషి ఉన్నట్టే మీకు గుర్తుండేది కాదు. మీకు నా తమ్ముడి మీద కుళ్లు రెండు నెలల నుంచే. నాకు మీ హార్మోనియం మీద కుళ్లు పెళ్లయిన దగ్గర్నుంచీ. దానికి రోజూ దుమ్ము తుడిచేవారు, చలికాలం దుప్పటి కప్పేవారు. ఏ మెట్టు ఎలా పలుకుతోందో రోజూ అడిగి చూసుకునేవారు.

అయినా మీ కీర్తన పాడతాను. నాకు ఎవరూ నేర్పక్కర్లేదు. మూడో వరసలో నోరు మూసుకుని నిలబడ్డదానికి వినడమే కదా పని. నాలుగు గొంతులూ నాకు వచ్చు. చివర్లో అన్నీ కలిసేచోట ప్రతిసారీ కళ్లలో నీళ్లు తిరుగుతాయి. అది గొప్ప పాటేనండి. ఐదో చరణం ఒక్కటీ తీసెయ్యండి.

ఏ షరతైనా సరే అన్నారు కాబట్టి నా షరతు. పండుగ రోజు ముందు తమ్ముడి పాట. క్వయరంతా నాతో కలిసి పాడాలి, మీతో సహా. కాని మొన్న గంట స్తంభం దగ్గర ఆ పాట వింటూ మీరు గొంతు కలపడం నేను విన్నాను. ఆ దరువుకి మీ గొంతు కుదరదు. కళకి బంధుత్వం ఉండదు కదా. మీరు మూడో వరసలో నిలబడి పెదవులు ఆడిస్తే చాలు.

ఇట్లు,
మొదటి వరస నుంచి మీ
కృపావతి

తా.క. నా పళ్లన్నీ గట్టిగానే ఉన్నాయి. ఇన్ని శుక్రవారాల్లో నొప్పి ఏ పంటికని మీరు ఒక్కసారీ అడగలేదు కాబట్టి సరిపోయింది.