కాశీలో వదిలింది

సుశీలా,

"క్లబ్బులో మీరూ నాలుగు ముక్కలు మాట్లాడొచ్చుగా" అని పోరేదానివి. నిన్న గుణదల హాల్లో జరిగిన మీటింగులో నా కాశీ ప్రయాణం గురించి మాట్లాడాను. పెద్ద చదువులవాళ్ల ముందు కూడా తడబడలేదు. రైలు, ఘాట్లు, చలి అన్నీ చెప్పాను. నీ అస్థికలు కలపడానికి వెళ్లానని మాత్రం చెప్పలేదు. వాళ్లకెందుకు?

కొత్తగా చేరిన డాక్టరు లేచాడు. "కాశీలో ఇష్టమైనదొకటి వదిలి రావాలంటారు కదండీ, తమరేం వదిలారు? గుత్తొంకాయ మాత్రం అయ్యుండదు లెండి!" హాలంతా నవ్వింది.

ఇష్టమైనదాన్నే వదిలాను, నా చేతులతోనే. ఆ మాట మైకులో చెబితే ఏడ్చేస్తానని తెలుసు. నలుగురిలో ఏడ్చే రకాన్ని కాదు నేను. "సీతాఫలం" అన్నాను. చప్పట్లు కొట్టారు.

అన్నాక మాట మాటే. ఇక సీతాఫలం కూడా తినను.