ట్యాంకులో వేలెడు ఖాళీ

శ్రీమతికి,

నేను క్షేమంగా చేరాను. వంతెన పని మొదలైంది. ఇక్కడ ఫోన్లు పలకవు. వారానికోసారి సరుకులు తెచ్చే పడవలోనే ఉత్తరాలు పంపాలి. అందుకని ముఖ్యమైన సంగతులే రాస్తాను.

బండి. బయల్దేరే హడావుడిలో దానికి చెయ్యాల్సినవేవీ చెయ్యకుండా వచ్చేశాను. కళ్లు మూసుకుంటే అదే కనిపిస్తోంది. వానలు వెలిసేదాకా నేను రాను, అన్నాళ్లూ అది వసారాలో కదలకుండా నిలబడాలి. ట్యాంకులో ఉన్నదేమో మామూలు బంకు పెట్రోలు. అందులో ఇథనాల్ కలుపుతారు. అది గాల్లో తేమని పీల్చుకుంటుంది. రోజూ తిరిగే బండికి ఫరవాలేదు గానీ, నిలిపి ఉంచిన బండిలో ఆ నీరు అడుక్కి దిగి ట్యాంకుని తుప్పు పట్టిస్తుంది. నీకివన్నీ అర్థం కావులే, చెప్పింది చెయ్యి చాలు. పాత పెట్రోలు తీసేసి, రేవు దగ్గర బంకులో ఏమీ కలపని పెట్రోలు అమ్ముతారు, అది మూతదాకా నింపు. మెకానిక్‌ని మాత్రం పిలవకు. నా బండి మీద పరాయివాడి చెయ్యి పడితే నేను సహించలేను.

అమ్మ ముందు ఈ గొడవ ఎత్తకు. ఆవిడకి బండంటే గిట్టదు. నేను కొన్నప్పట్నుంచీ ఒక్కసారైనా వెనక కూర్చోలేదు.

ఇట్లు,
మీ ఆయన

తా.క. నువ్వెలా ఉన్నావు?

*

ఏమండీ,

ముందు మీ తా.క.కి జవాబు. బాగున్నాను. చివర్లోనైనా గుర్తొచ్చినందుకు సంతోషం.

మీరు చెప్పిన పని అయిపోయింది. గొట్టం ఊడదీసి పాత పెట్రోలు డబ్బాలోకి దింపేశాం. ఆ తర్వాత రేవు బంకుకి వెళ్లాం. 'కల్తీ లేనిది, కలపనిది' అని బోర్డు మీద ఇంతింత అక్షరాలు. బోర్డుకేం, ఏమైనా రాయించుకోవచ్చు. సన్న సీసాలో కాసిని నీళ్లు పోసి, ఎక్కడిదాకా వచ్చాయో గీత పెట్టి, పైన వాళ్ల పెట్రోలు పోసి బాగా ఊపాం. కాసేపాగి చూస్తే నీళ్లు గీత దాటి పైకొచ్చాయి. పెట్రోల్లో ఉన్న ఇథనాల్ దిగొచ్చి నీళ్లలో కలిస్తేనే అలా పెరుగుతాయి. బంకు యజమాని మొదట గదమాయించాడు. తర్వాత కుర్చీ వేయించాడు. ఆ తర్వాత పడవల వాళ్ల కోసం దాచిన వేరే పెట్రోలు తెప్పించాడు. ఈసారి గీత కదల్లేదు. ఆ పెట్రోలే ఇనప డబ్బాలో తెచ్చి పోశాం.

అత్తయ్య కులాసాగా ఉన్నారు. భోజనం బాగా చేస్తున్నారు.

ఇట్లు,
మీ ఇంటావిడ

తా.క. మూతదాకా పోయకూడదట. ఎండెక్కితే పెట్రోలు పొంగుతుందట. వేలెడు ఖాళీ ఉంచాం.

*

శ్రీమతికి,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. దింపేశాం, వెళ్లాం, ఊపాం, పోశాం. నువ్వూ ఇంకెవరు?

ఆ సీసా పరీక్ష నాకే తెలియదు. నాకు తెలియనిది నీకెవరు నేర్పారు? ఇక్కడి మేస్త్రీకి చెబితే, "సార్, మీ ఇంట్లో మంచి పనోడే ఉన్నాడే" అని మెచ్చుకున్నాడు. ఆ మాటతో నాకు అన్నం సహించలేదు. వీధి చివర మెకానిక్కేనా? వాడు మన గేటు వంక చూసే చూపు నాకు మొదట్నుంచీ నచ్చదు.

ఎవరైనా సరే, ఇకమీదట గడప తొక్కనివ్వకు. ప్రతి ఆదివారం నువ్వే బండిని రెండు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపెయ్. అంతకుమించి దానికేం అక్కర్లేదు.

ఇట్లు,
మీ ఆయన

తా.క. ఆ మనిషికి మీసాలున్నాయా?

*

ఏమండీ,

మీసాల సంగతి అడిగాను. ఆ మనిషి పడీపడీ నవ్వి, పొలమారి, మంచినీళ్లు తాగాల్సి వచ్చింది.

బండి స్టార్ట్ చెయ్యలేదు. రెండు నిమిషాలు నడిపి ఆపేస్తే ఇంజను వేడెక్కదట, సైలెన్సర్లో చెమ్మ మాత్రం చేరుతుందట. అసలు కదిలించకపోవడమే మేలట. "ఆ సలహా ఇచ్చినాయనకి బండి ఎవరమ్మారమ్మా?" అని అడిగారు. మాట మార్చేశాను, మీ పరువు పోతుందని.

పెట్రోలు గొట్టం దగ్గర కుళాయి కట్టేసి కార్బురేటర్ ఖాళీ చేశాం. విప్పి చూస్తే లోపల పచ్చగా జిగురు పేరుకుని ఉంది. దాన్ని ఎంత ఓపిగ్గా శుభ్రం చేశారో చెప్పలేను. పగుళ్లిచ్చిన రబ్బరు గొట్టాలు మార్చారు. సైలెన్సర్ మూతికి ఎలుకలు దూరకుండా గుడ్డ కుక్కారు. నేను లాంతరు పట్టుకుని పక్కనే కూర్చుని నేర్చుకున్నాను. పెళ్లయ్యాక ఇంత సరదాగా ఏ సాయంత్రమూ గడవలేదండీ, ఉన్నమాటే రాస్తున్నాను.

పేరు మాత్రం అడగొద్దు. చెప్పనని మాటిచ్చాను. తెలిస్తే మీరు చిన్నబుచ్చుకుంటారని ఆ మనిషి బాధ. అనుమానం పెట్టుకోకండి.

ఇట్లు,
మీ ఇంటావిడ

తా.క. బ్యాటరీ ఊడదీసి మన పడగ్గదిలో పెట్టాం. మంచం మీద మీ వైపు ఖాళీయే కదా అన్నాను గానీ, వద్దని కింద చెక్క మీద పెట్టారు.

*

శ్రీమతి గారికి,

పడగ్గది దాకా వచ్చాడా?

నాకు ఒళ్లు మండిపోతోంది. నిన్న కొలతలు తప్పుగా తీశాను. వంతెన అవతలి గట్టుకి కాకుండా చెరుకు తోటలోకి దిగేలా ఉందని ఇంజనీరు తిట్టాడు. నా ఇంట్లో, నా లాంతరు వెలుగులో, నా కార్బురేటర్ విప్పుకుని ఎవడో నవ్వుతుంటే నాకు లెక్కలెలా కుదురుతాయి? నాతో గడిపిన సాయంత్రాల్లో సరదా లేదని ఇన్నేళ్లకి రాశావు, అదీ జిగురు గురించి రాస్తూ.

అన్నీ చూస్తూ అమ్మ ఎలా ఊరుకుంది? ఆవిడ ముందర ఈ ఉత్తరం చదువు, ఒక్క అక్షరం వదలకుండా. ఆ మనిషిని వెళ్లగొట్టమని అమ్మకే చెబుతున్నాను. వానలు తగ్గాయి గనక సెలవు పెట్టేశాను. వచ్చే వారం పడవ కాక, ఆపై వారం పడవలో దిగుతున్నాను. ఆ మనిషిని నాకు చూపించాలి. లేదా నన్ను వదులుకోవాలి. రెండిట్లో ఏదో తేల్చుకో.

ఇట్లు,
ఒకప్పటి మీ ఆయన

తా.క. ఇక్కడ చేత్తో నేసిన శాలువాలు బాగుంటాయి. నీకు నీలం తీసుకోనా, ఎరుపా?

*

ఏమండీ,

మీరు చెప్పినట్టే ఒక్క అక్షరం వదలకుండా చదివాను. పడగ్గది మాట రెండుసార్లు చదవాల్సి వచ్చింది. నాకు కోపమొచ్చింది, ఏడుపూ వచ్చింది. పెట్రోలుని నమ్మేముందు సీసాలో పోసి చూడాలి, సరే. నన్నూ అలాగే చూడాలా?

అత్తయ్య అంతా విన్నారు. చేతిలో స్పానరు కింద పెట్టి, చీర చెంగుతో గ్రీజు తుడుచుకుని, "ఇంక మాట దాచక్కర్లేదు, రాసెయ్యమ్మా" అన్నారు.

అవునండీ, మీ అమ్మగారే. పెళ్లికి ముందు వాళ్ల నాన్నగారి మోటారు షెడ్డులో పని చేశారట. పడవ ఇంజన్ల దగ్గర్నుంచి మోటారు సైకిళ్ల దాకా ఆవిడ చెయ్యి పడందే షెడ్డు దాటేవి కావట. మీరు రాసిన మొదటి ఉత్తరం నేను వంటింట్లో పైకి చదువుకుంటుంటే, 'మూతదాకా' అన్న మాట విని ఉండబట్టలేక బయటపడ్డారు. మీకు చెప్పొద్దన్నారు. బండి గురించి మీరు మాట్లాడేటప్పుడు మీ మొహం వెలిగిపోతుందట, ఆ వెలుగు తగ్గించడం ఆవిడకి ఇష్టం లేదట.

నాకు ఎరుపు. కానీ శాలువాతో నా కోపం పోదు. వచ్చి, ఎదురుగా కూర్చుని, తప్పయిపోయిందని నోటితో చెప్పాలి. బండి గురించి ఒక్క మాట ఎత్తకుండా చెప్పాలి.

ఇట్లు,
ఇప్పటికీ మీ ఇంటావిడ

తా.క. (ఇది అమ్మ రాస్తున్నది.) ఒరేయ్ నాన్నా, నాకు బండంటే గిట్టకపోవడమేమిటి? నువ్వు గేరు మార్చే పద్ధతికి నా పళ్లు జివ్వుమంటాయి, అందుకే వెనక కూర్చోలేదు. పిల్లని చాలా ఏడిపించావు, ముందు దాని సంగతి చూడు. బ్యాటరీ పెట్టి నిన్న స్టార్ట్ చేశాం, ఒక్క తన్నుకే అందుకుంది. కోడలు నడపడం వారంలో నేర్చేసుకుంటుంది, మంచి చెయ్యి. నువ్వు దిగే రోజు ఇద్దరం రేవుకి బండి మీదే వస్తాం. మా ఇద్దరికీ హెల్మెట్లు ఉన్నాయి. అక్కణ్ణుంచి ఇంటికి నువ్వు బస్సులో రా.