మైకు తప్పు కాదు

బచేలి,
12-8-1998

చిరంజీవి చిన్నమ్మికి నాన్న దీవించి రాస్తున్న ఉత్తరం. అమ్మా నేనూ కులాసా. కులాసా అని రాశాను గానీ, ఆదివారం నుంచి నాకు కాలూ చెయ్యీ ఆడడం లేదు. ముందు నువ్వడిగిన వాటికి జవాబు రాసి, అది తర్వాత చెబుతాను.

నీ పాటల రికార్డింగుకి వెనకగది సిద్ధమైంది. కిటికీకి ప్లైవుడ్ కొట్టాను. గోడలకి క్యాంటీన్ నుంచి తెచ్చిన గుడ్ల అట్టలు, వాటిమీద మీ అమ్మ బొంతలు. "కప్పుకోడానికి ఒక్కటైనా ఉంచవా? గోడలకి చలేస్తందేటి?" అని ఒకటే గొడవ. నాలుగు ట్రాకుల టేపు మిషను గార్డు కూర్మారావుగారి దయవల్ల కిరండూల్ పాసింజరులో భద్రంగా వచ్చింది. మధ్యాహ్నం కొండమీద గనిలో బ్లాస్టింగు సైరన్ మోగితే మాత్రం రికార్డింగు ఆపాల్సిందే. ఆ అదురుకి బొంతలు చాలవు.

మైకు సంగతి అడిగావు. దాంతోనే వచ్చింది తంటా. ఎవరు పాడినా మొద్దుగా వినిపిస్తోంది. జగదల్‌పూర్ దుకాణానికి రెండుసార్లు మోసుకెళ్ళి మార్పించాను. ఆ దుకాణం సుక్రాంని పదిమందిలో మోసగాడన్నాను.

ఆదివారం మన భజన దేవరాజుని కూర్చోబెట్టాను. పాడుతూ చేత్తో గజ్జెలు ఆడించాడు. టేపు వెనక్కి తిప్పి స్పీకర్లో వేస్తే గొంతు వచ్చింది, గజ్జెలు లేవు. మూడోసారీ లేవు. ఈ మైకు కూడా చచ్చిందని నేను చిందులు తొక్కుతుంటే, చింతపండు ఇవ్వడానికొచ్చిన బాసగూడ బుధ్రి గుమ్మంలో నిలబడి నవ్వింది.

"ఏంది బాబూ, గజ్జెలు గల్లుగల్లున మోగుతున్నయ్ గద! ఇంకేం గావాలె?"

వేళాకోళం అనుకున్నాను. మీ అమ్మ నవ్వలేదు. "ఒలమ్మ! నీకు ఇనపడ్నేదేటి?" అంది. దేవరాజు తల దించుకున్నాడు. మిషను మీద శబ్దం చూపించే ముల్లు మాత్రం గజ్జె ఆడినప్పుడల్లా ఎగిరెగిరి పడుతోంది. ఇయర్‌ఫోన్లు చెవులకి అదుముకుని ఆ ముల్లునే చూస్తూ ఉండిపోయాను.

సోమవారం ఆస్పత్రికి వెళ్ళాను. శబ్దం వినపడగానే వేలెత్తమన్నారు. ఇంకా మొదలుపెట్టలేదేమో అనుకుని కుదురుగా కూర్చున్నాను. డాక్టరు "హో గయా", అయిపోయిందని మిషను ఆపేశాడు. సన్నటి శబ్దాలు రెండు చెవులకీ పోయాయట. తిరిగి రావట.

తప్పు నాదే అమ్మా. ఇరవై రెండేళ్ళు డ్రిల్లు నడిపాను. చెవుల్లో పెట్టుకోమని ఇచ్చిన బిళ్ళలు జేబులోంచి తీయలేదు. రాయిలో కడ్డీ బిగుసుకునే ముందు డ్రిల్లు మోత మారుతుంది, చెవులు మూసుకున్నవాడికి అది తెలియదని మా పాతకాపుల గొప్ప. ఆ మోత వినబోయి మిగతావన్నీ పోగొట్టుకున్నాను.

నాలుగు నెలలుగా నువ్వు పంపిన ప్రతి క్యాసెట్టుకీ ఏం రాశానో ఒక్కొక్కటే తలుచుకుంటున్నాను. మాటలు నములుతున్నావన్నాను. గొంతులో మెరుపు పోయిందన్నాను. "పిల్ల బాగానే పాడతంది గదా" అని మీ అమ్మ అంటే, నీకేం తెలుసని కసిరాను. నువ్వు సంగీతం క్లాసు మానేశావు. పాట వదిలేసి నర్సింగులో చేరనా నాన్నా అని పోయిన ఉత్తరంలో అడిగావు.

ఇంకొకటి దాచాను. చెవుల్లో హోరు రెండేళ్ళ కిందటే మొదలైంది. డ్రిల్లు మీంచి దింపేస్తారని భయపడి ఎవరికీ చెప్పలేదు. నా చెవుల మీద అనుమానం ఉండనే ఉంది చిన్నమ్మీ. ఉండి కూడా నేరం నీ గొంతు మీదికి తోశాను.

ఆ నర్సింగు ఫారం పంపకు. రేపే క్లాసుకి వెళ్ళు. సుక్రాం దగ్గరికి వెళ్ళి తప్పయిందని చెప్పొచ్చాను. నీకెలా చెప్పాలో తెలియడం లేదు.

నిన్న నీ క్యాసెట్లన్నీ తీసి మీ అమ్మకి మళ్ళీ వేశాను. ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ వింది. నేను ఆవిడ మొహం చూస్తూ కూర్చున్నాను.

ఇట్లు,
నీ నాన్న
జయరావు