ఆగిపోయిన రాజకుమారి కథ

వదినా,

నిన్న నీ సంవత్సరీకం అయింది. ఇవాళ నీకొక సంగతి చెప్పాలి. మన వారపత్రికలో రాజకుమారి సీరియల్‌ను మధ్యలోనే ఆపేశారు. రాజుల ప్రేమకథలు ఇప్పుడెవరూ చదవడం లేదట. వచ్చే వారం నుంచి హైదరాబాదులో ఆఫీసుకెళ్లే అమ్మాయి ప్రేమకథ వేస్తారట.

నువ్వున్నప్పటిలాగే మధ్యాహ్నం మగ్గాలు ఆపి, నూలు కండెలు చుట్టుకుంటూ కూర్చున్నాం. నీ చోట కూర్చుని ఇప్పుడు నేనే పత్రిక అందరికీ చదివి వినిపిస్తున్నాను. పక్కింటి శాంతక్క సంతోషపడింది. "మంచిగైంది. పట్నం కథలు రాసే ఆమెనే నాకిష్టం. కోటలు, గుర్రాలు ఎన్ని దినాలు ఇంటం?" అంది. నువ్వుంటే నీ కోటల రచయిత కోసం పొద్దుగూకేదాకా ఆమెతో వాదించేదానివి.

అమ్మ మాత్రం ఏడ్చింది. నీ శవం ముందు కంటతడి పెట్టని మా అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"గా రాజకుమారి జరంతోని పడి ఉన్నది గదనే. వైద్యుణ్ని పిలువకముందే ఆపిండ్రా? గంత పెద్ద కోటల ఒక్కరికన్న దయ లేకపాయె" అంది.

శాంతక్క చేతిలో రాట్నం ఆగింది. పురుటి జ్వరంతో నువ్వు దవాఖానకు తీసుకెళ్లమని అడిగినప్పుడు, "చీర మగ్గం దిగనియ్యి, పోదం" అన్నది అమ్మ గొంతే.

నీ దినాలు అయ్యాక ఆ చీర దిగింది, వదినా. అంచు బాగా కుదిరిందని అందరూ అన్నారు.