కొల్లూరు పేరు పలికిన సాయంత్రం

మహూజ్, బహ్రెయిన్
13 ఫిబ్రవరి 2025

పూజ్యులైన వదినగారికి,

మీ మరదలు కోమల నమస్కరించి రాస్తున్న ఉత్తరం. మీ తమ్ముడు క్షేమం. పక్క గదిలో దిండుకు ఆనుకుని కూర్చున్నారు, ఇప్పుడే జావ తాగారు. మీ మోకాళ్ళ నొప్పుల సంగతి అడగడానికన్నా ముందు ఈ మాటే రాయాలనిపించింది. ఏమీ అనుకోకండి.

ఫోనులో మీకు సరిగా వినపడదు. సగం విని, మిగతా సగం ఊహించుకుని మరీ కంగారు పడతారు. గుంటూరు వస్తున్న మిత్రులొకరు సత్తెనపల్లిలో ఆగి ఈ ఉత్తరం మీ చేతికే ఇస్తామన్నారు.

మీ అబ్బాయి సాయితేజ ఫోనులో మీరు చూసిన వీడియో నిజమే. తెల్ల విగ్గు పెట్టుకుని వేదిక మీద కూలిపోయింది మీ తమ్ముడే. జనం చప్పట్లు కొట్టిందీ నిజమే. నాటకంలో భాగమనుకున్నారు పాపం.

ఇక్కడ ఇంగ్లీషువాళ్ళ నాటకాల క్లబ్బు ఒకటుంది. దాని అధ్యక్షుడు గ్రెగరీ గారు. ఇక్కడి సీఫ్ ప్రాంతంలో మీ తమ్ముడు పనిచేసే ఆఫీసుకు పెద్ద కూడా ఆయనే. ఈ ఏడాది విలియం పిట్ అనే ఆయన జీవితాన్ని నాటకంగా వేశారు. రెండువందల యాభై ఏళ్ళ కిందట ఇంగ్లండును ఏలిన మంత్రి ఆయన. ఆ వేషం కట్టాల్సిన దొర బదిలీ మీద వెళ్ళిపోతే, గొంతు బాగుందని ఈయనను అడిగారు. ఈయన సంబరం చూడాలి! పుస్తకాలు తెచ్చుకుని, అన్నం దగ్గర కూడా అవే కబుర్లు.

ఆ పిట్ తల్లి విలియర్స్ వంశపు ఆడపడుచట. తరతరాల ప్రభువుల ఇల్లు. తండ్రి వైపు సంగతి వేరు. తాత థామస్ పిట్ మన మద్రాసుకు గవర్నరుగా వచ్చి, అక్కడ పెద్ద వజ్రం కొని, దాన్ని ఫ్రాన్సును ఏలేవాళ్ళకు అమ్మాడు. భూములూ, పార్లమెంటు సీట్లూ ఆ కుటుంబం చేతికి వచ్చాయి. మనవడు మొదట సభలో అడుగుపెట్టింది కూడా అలాంటి సీటు మీదే. ఆ వజ్రం దొరికింది ఎక్కడంటారు? మన కొల్లూరు గనిలోనేనట. తవ్విన కూలీ తన కాలు కోసుకుని ఆ పుండులో రాయి దాచాడనీ, ఓడ కెప్టెన్ అతన్ని చంపి లాక్కున్నాడనీ ఒక కథ. నిజమో అబద్ధమో ఎవరూ చెప్పలేరు.

మీరు పుట్టిన కొల్లూరు పులిచింతల ప్రాజెక్టు నీళ్ళలో మునిగాక మీ అక్కాతమ్ముళ్ళు వెళ్ళి గట్టు మీద నిలబడి చూసొచ్చారు కదా. ఆ రోజు గురించి ఆయన నాతో ఎప్పుడూ పూర్తిగా మాట్లాడలేదు. ఈ నాటకం మాత్రం ఆయన్ని కదిలించింది. దర్శకురాలిని బతిమాలి, పిట్ చివరి ఉపన్యాసంలో తన మాట ఒకటి పెట్టించుకున్నారు. “మా వంశం లేచింది కృష్ణ ఒడ్డున కొల్లూరులో రాయి తవ్విన మనిషి చేతుల మీద. అతని పేరు మా ఇంట్లో ఎవరికీ తెలియదు.” ఇదే వదినా, ఇంతే.

గ్రెగరీ గారు రిహార్సల్‌లో ఇది విని మండిపడ్డారు. తల్లి వైపు ప్రభువుల గురించి ఎంతసేపైనా చెప్పు, తాతను మద్రాసు వర్తకుడని చెప్పి వదిలెయ్ అన్నారట. లండన్ నుంచి కంపెనీ డైరెక్టర్లు నాటకానికి వస్తున్నారు, వాళ్ళ ముందు ఒక మహానుభావుడి ఇంటిని బజారున పెట్టడానికి ఒప్పుకోనన్నారు. మర్నాడు ఆఫీసులో గదికి పిలిచి, ఏప్రిల్‌లో నీ కాంట్రాక్టు రెన్యువల్ ఉంది, గుర్తుంచుకో అని కూడా అన్నారు.

ఇంటికొచ్చి ఆ సంగతి నాకు చెప్పారు. మా అమ్మాయి అపూర్వ పన్నెండో తరగతి పరీక్షలు నెత్తి మీదున్నాయి. ఆయన మాత్రం, “ఒక్క వాక్యమే కదే, దానికేం ప్రళయం వస్తుంది” అన్నారు. నాకు ఒళ్ళు మండి, “మీ ఊరు ఎలాగూ మునిగింది, మమ్మల్ని కూడా ముంచకండి” అనేశాను. ఆయన అపూర్వ పుస్తకం మీద చెయ్యి వేసి, “సరే కోమలా, ఆ మాట అనను. ఒట్టు” అన్నారు.

శుక్రవారం సాయంత్రం నాటకం. హాలు నిండిపోయింది. గ్రెగరీ గారు డైరెక్టర్లతో ముందు వరసలో కూర్చున్నారు, నేనూ అపూర్వా వాళ్ళ వెనకాల. ఆఖరి అంకంలో పిట్ ముసలివాడై, జబ్బుతో, కొడుకు భుజం పట్టుకుని సభకు వస్తాడు. మాట్లాడుతూ మాట్లాడుతూ కూలిపోతాడు. నిజంగా కూడా అలాగే జరిగిందట.

ఉపన్యాసం ఆ వాక్యం దగ్గరికి వచ్చింది. ఆయన ఆగారు. దాటేసి తర్వాతి మాట అందుకోవాలి. అందుకోలేదు. మాట మరిచిపోయారేమో అనుకున్నాను. ఆయన గ్రెగరీ గారిని చూడలేదు వదినా, తిన్నగా నన్నే చూశారు. చూసి, ఆ వాక్యం అన్నారు. అంతా ఇంగ్లీషులో అని, కొల్లూరు పేరు మాత్రం మనం ఎలా అంటామో అలా పలికారు. గ్రెగరీ గారి మెడ ఎర్రబడటం వెనక నుంచి కనిపించింది. ఖలాస్, ఉద్యోగం పోయింది అనుకున్నాను. అపూర్వ నా చెయ్యి పట్టుకుంది.

అంతలోనే ఆయన పడిపోయారు. చప్పట్లు మోగిపోయాయి. కొడుకు వేషం వేసిన కుర్రాడు చేతులు చాపి ఎడమ పక్కన ఉన్నాడు, ఈయన కుడి పక్కకు నేల మీద పడ్డారు. తేడా నాకు తట్టేలోపే గ్రెగరీ గారు కుర్చీలోంచి లేచి వేదిక మీదకు దూకారు. ఈయన మెడకు చుట్టిన గుడ్డ లాగేసి, రెండు చేతులతో గుండె మీద అదుముతూ, అంబులెన్స్ అని అరిచారు. చప్పట్లు అప్పుడు ఆగాయి. ఆ నిమిషాలు ఎలా గడిచాయో నాకిప్పటికీ తెలియదు. అంబులెన్స్ వచ్చేదాకా గ్రెగరీ గారు చేతులు ఆపలేదు. రక్తనాళం మూసుకుపోయిందని స్టెంట్ వేశారు. ఆయన ఆలస్యం చేసి ఉంటే మనిషి దక్కేవాడు కాదన్నారు డాక్టరు.

గ్రెగరీ గారు ఆసుపత్రికి వచ్చారు. నేను చేతులు జోడిస్తే, “వద్దమ్మా, ఎవరున్నా అదే చేసేవారు” అన్నారు. కూర్చోలేదు. తన కోపం ఇంకా తగ్గలేదనీ, ఏప్రిల్ తర్వాత కాంట్రాక్టు ఉండదనీ మొహం మీదే చెప్పారు. వెళ్ళబోతూ వెనక్కి తిరిగి ఆ ఊరి పేరు ఎలా పలకాలని అడిగారు. చెప్పాను. రెండోసారికి సరిగ్గా అన్నారు. ఆ మనిషి మీద ఏ భావం పెట్టుకోవాలో నాకు తెలియడం లేదు.

ఇక్కడి మనవాళ్ళు పళ్ళు పట్టుకొచ్చి, “భలే ధైర్యమండీ కేశవరావు గారూ” అని పొగుడుతున్నారు. ఆ మాట వినగానే వంటింట్లోకి వెళ్ళిపోతున్నాను. నాకు వేసిన ఒట్టు ఎందుకు తప్పారని అడగాలి. మంచం మీదున్న మనిషిని ఎలా అడగను? మీ చేతుల్లో పెరిగిన మనిషి. మీరే చెప్పండి వదినా, నాకన్నా, కన్నబిడ్డకన్నా ఆ ఒక్క మాట ఎక్కువైపోయిందా ఆయనకు?

పరీక్షలు కాగానే ముగ్గురం వచ్చేస్తాం. ఆపైన ఏమిటన్నది నేనింకా ఆలోచించలేదు. చలికి జాగ్రత్తగా ఉండండి.

ఇట్లు
మీ మరదలు
కోమల

తా.క. అక్కా, నేను కేశవను. కోమల ఉత్తరం బల్ల మీద పెట్టి స్నానానికి వెళ్ళింది. కింద చోటుంటే రాస్తున్నా.

అందరూ ధైర్యం అంటున్నారు. అది కాదక్కా. ఆఖరి అంకానికి ముందే నా ఎడమ చెయ్యి లాగడం మొదలుపెట్టింది. నాన్నకు ఎలా వచ్చిందో చూసినవాణ్ణి, అదేనని తెలిసింది. వేషం మధ్యలో వదిలేసి వెళ్ళడానికి సిగ్గేసి ఎవరికీ చెప్పలేదు. ఆ వాక్యం దగ్గరికి వచ్చేసరికి ఊపిరి అందలేదు. ఇక నేను బతకననుకున్నా. ఆఖరుసారి చూసుకుందామని కోమల వైపు చూశా. పోయేవాడికి కాంట్రాక్టు దేనికని ఆ మాట అనేశా. బతుకుతానని తెలిస్తే అనేవాణ్ణి కాదు. ఆమెకు వేసిన ఒట్టే నిలబెట్టుకునేవాణ్ణి.

ఇది ఆమె ముఖం చూస్తూ చెప్పడం నావల్ల కావడం లేదు. కవరు అంటించే ముందు ఉత్తరం ఇంకోసారి చదువుకోవడం కోమలకు అలవాటు.